నార్మల్ అని వచ్చిన కాళ్లు

ఇబ్రహీంపట్నంలో నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ సగం ఊరు నన్ను కరెంటు ఆఫీసు మనిషి అనుకుంది. నా పని దవాఖానలో నరాల పరీక్ష చేయడం. చర్మం మీద చిన్న చిన్న షాకులిచ్చి, అవి నరం వెంట ఎంత వేగంగా, ఎంత బలంగా పోతున్నాయో తెర మీద గీతల్లో చూసి రిపోర్టు తీయడం. పేషెంట్ల భాషలో అది కరెంటు పరీక్ష. అది చేసే నేను కరెంటు మేడం. ఒకసారి ఒక రైతు చెమటలు కక్కుతూ వచ్చి, "మేడం, మా బోరు కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, ఎప్పుడు పెడ్తరు?" అని నిలదీశాడు. నాకూ దానికీ సంబంధం లేదని నచ్చజెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని ఆయన, "సరే తియ్యి. వచ్చిన కాడికి నా చెయ్యన్న చూడు. తిమ్మిరెక్కుతున్నది" అని కుర్చీలో కూర్చున్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, శేరిగూడలో చదువుకునే మా పక్కింటి అమ్మాయి మొన్న, "ఇప్పుడన్నీ మిషన్లే చెప్పేస్తున్నయి గదా ఆంటీ, ఇంక మనుషులను అడిగేదేమున్నది?" అంది. జవాబుగా ఆ అమ్మాయికి ఇద్దరు బావల సంగతి చెప్పాను. మిషన్ల మధ్య పనిచేయబోయే మిగతా పిల్లలు కూడా వింటే మంచిదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఇద్దరూ బొంగులూరు దగ్గరి ఒక ఊరివాళ్లు. ఒకాయనది టెంటు హౌసు. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, లైట్లు ఇస్తాడు. సన్నగా, పొడుగ్గా, గట్టిగా గాలొస్తే ఆయన షామియానా గుంజలాగే ఊగుతాడేమో అనిపించేలా ఉంటాడు. రెండో ఆయన బిర్యానీ వండే భాయ్. భారీ మనిషి, గడ్డానికి గోరింటాకు ఎరుపు, ఎప్పుడు దగ్గరికొచ్చినా వేయించిన ఉల్లిగడ్డ వాసన. చిన్నప్పటి నుంచీ ఒకే గల్లీ. నమాజు ఒకరిది, పూజ ఒకరిది, వరస మాత్రం ఇద్దరికీ బావే. టెంటు ఒకరు, వంట ఒకరు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే ఇద్దరినీ కలిపే పిలిచేవాళ్లు. ఒకరిని వదిలి ఇంకొకరిని పిలవడమంటే ఎద్దును వదిలి బండిని తోలుకుపోవడమే అనేవాళ్లు.

అలాంటి ఇద్దరూ ఒక రోజు పోట్లాడుకుంటూ నా గదిలోకి వచ్చారు. టెంటాయన కాళ్లకు తడి తువ్వాళ్లు చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, వేడి పెంకు మీద నడిచినట్టు మునివేళ్ల మీద నడుస్తున్నాడు. భాయ్ చేతిలో డాక్టరు రాసిన చీటీ ఉంది.

"మేడం, ఇయ్యాల మీరే తేల్చాలె. వీనికి రోగమా, నాటకమా?" అన్నాడు భాయ్.

"అరికాళ్లు మంటలు మేడం. మిరపకాయ నూరి రుద్దినట్టు మంట" అన్నాడు టెంటాయన.

"మంటనట! మొన్న లగ్గంల ఏం చేసిండో అడుగుండ్రి."

నేను అడక్కముందే భాయే చెప్పాడు. మొన్నటి పెళ్లిలో, పందిరి వెనక కూల్ డ్రింకుల కోసం ఐసు గడ్డలేసి పెట్టిన డ్రమ్ములో ఈయన మోకాళ్ల దాకా కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు మేనమామ సీసా కోసం డ్రమ్ములో చెయ్యి పెట్టి, సీసా అనుకుని ఈయన పిక్క పట్టుకుని గుంజాడు.

"ఆ తర్వాత ఒక్కడన్న కూల్ డ్రింకు తాగిండా మేడం? చిన్న పోరగాళ్లు సుత ముట్టలే. ఇజ్జత్ పోయింది!"

"చల్లగ తాకంగనే పానం లేసొచ్చినట్టయింది మేడం. డ్రమ్ముల ఏమున్నదో సూసుకోలే" అన్నాడు టెంటాయన తల వంచుకుని.

నేను ఎలాగో నవ్వు దిగమింగి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టాను. పాపం ఆయన వచ్చిందే భయంతో. మొదటి షాకుకే "అవ్వా!" అన్నాడు. గోడకానుకుని చూస్తున్న భాయ్, "అరె, సుత్తె దెబ్బకు సప్పుడు చెయ్యనోడు గింత దానికి మొత్తుకుంటడా?" అన్నాడు. నేను అటూ ఇటూ రెండు కాళ్లూ ఓపిగ్గా చూశాను. తెర మీద గీతలు ఎంత చక్కగా లేచాయంటే, కొత్తగా పనిలో చేరిన వాళ్లకు నేర్పడానికి దాచుకోదగ్గ గీతలవి.

రిపోర్టు చూసి ఆ రోజు డ్యూటీలో ఉన్న పెద్ద డాక్టరు ఒకే మాట అన్నాడు. "నార్మల్." అనేసి, బాగా నిద్రపొమ్మని, బెంగ పెట్టుకోవద్దని చెప్పి పంపాడు. ఆయన్ని తప్పు పట్టాల్సిందేమీ లేదు. బయట వరండా నిండా జనం, లోపల ఆయనొక్కడే. రిపోర్టులో ఉన్నది కూడా ఆ మాటే.

కానీ ఆ మాట ఊళ్లోకి వెళ్లి ఏం చేసిందో అప్పటికి మాకు తెలియదు. వారం తిరగకుండానే ఆయన పేరు నార్మలన్న అయిపోయింది. "నార్మలన్నా, జర నిచ్చెనెక్కు." "నార్మలన్నా, కాళ్లెట్లున్నయే, నార్మలేనా?" ఇంట్లో భార్య కూడా, రాత్రిళ్లు ఆయన కాళ్ల వైపు పెట్టే కూలరును తీసి పిల్లల వైపు పెట్టిందట. మిషనే ఏం లేదన్నాక ఇంక కూలరెందుకని ఆమె లెక్క. అన్నింటికన్నా పెద్ద దెబ్బ భాయ్‌ది. కోహెడ దిక్కు పెళ్లి ఒకటి వస్తే, "టెంటుకు వేరేటోన్ని మాట్లాడుకుంటున్న" అని ముఖం మీదే చెప్పేశాడు.

ఇదంతా టెంటాయనే నాకు చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఒక్కడే వచ్చి, గది బయట బెంచీ మీద కాకుండా చల్లగా ఉంటుందని నేల మీద కాళ్లు చాపి కూర్చున్నాడు.

"మేడం, ఇంకోపారి చూడరాదుండ్రి? ఈసారి కరెంటు జర ఎక్కువ పెట్టుండ్రి. తట్టుకుంట" అన్నాడు.

"ఎక్కువ పెడితే రోగం రాదన్నా. ఉన్నది ఉన్నట్టే చూపిస్తది."

"మరి ఉన్నదే చూపిస్తలేదు గదా! దుప్పటి కప్పుకుంటె ఓర్వలేను. సాక్సు తొడిగితె ముండ్లు తొడిగినట్టు. ఇంట్ల పెండ్లాం నమ్మదు, బయట బావ నమ్మడు. ఏదన్న ఒక రోగం పేరు రాసియ్యుండ్రి మేడం, మీకు పుణ్యముంటది."

పేషెంట్లు రోగం లేదని రాసిమ్మని బతిమాలడం నేను చాలా చూశాను. లీవు కోసం రోగం ఉందని రాసిమ్మనే వాళ్లనూ చూశాను. కానీ ఈయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నాటకాలాడే మనిషి కాదనిపించింది. "గురువారం రా అన్నా. పట్నం నుంచి నరాల డాక్టరమ్మ వస్తది. మీ బావను సుత తీసుకొని రా" అన్నాను. బావను ఎందుకు తెమ్మన్నానో నాకూ తెలియదు. బహుశా ఊళ్లో సాక్ష్యం చెప్పడానికి అంతకన్నా పెద్ద గొంతు లేదని కావచ్చు.

వారానికోసారి హైదరాబాదు నుంచి వచ్చే ఆ డాక్టరమ్మ పద్ధతే వేరు. ముందు చెప్పులు విప్పమనేది, తర్వాత నోరు విప్పమనేది. రిపోర్టు చివరన చూసేది. టెంటాయన్ని కళ్లు మూసుకోమని, ఒక గుండుసూది తీసుకుని, కొన ఒకసారి, తల ఒకసారి పాదానికి తాకిస్తూ, "ఏది ముల్లు, ఏది మొద్దు?" అని అడిగింది. మోకాలి దగ్గర టకటకా చెప్పాడు. చీలమండ కింద అన్నీ తప్పులే. చల్లటి ఇనుప కడ్డీ పాదానికి ఆనిస్తే, "ఏదో తాకింది గని సల్లగ లేదమ్మ" అన్నాడు. దూదితో నిమిరితే మాత్రం కాలు వెనక్కి గుంజుకున్నాడు, నిప్పు పెట్టినట్టు.

"నీది నాటకం కాదు" అంది డాక్టరమ్మ.

అంతే, ఆ పొడుగు మనిషి బల్ల మీద లేచి కూర్చుని, భాయ్ వైపు చూపిస్తూ, "గా ముక్క జర వానికి ఇనవడేటట్టు చెప్పుండ్రి!" అన్నాడు.

ఆమె ఇద్దరికీ కలిపి చెప్పింది. నరంలో ఒకటే దారం ఉండదు. లావు దారాలుంటాయి, సన్న దారాలుంటాయి. తాకిడి, కాలు ఎక్కడుందన్న ఎరుక, ఇవన్నీ లావువి మోస్తాయి. నొప్పి, వేడి, చలి సన్నవి మోస్తాయి. "నువ్వు టెంటు హౌసాయనవు గదా. జనరేటర్ నుంచి వచ్చే లావు కేబులుంటది, చెట్లకు చుట్టే సీరియల్ లైట్ల సన్న వైరుంటది. మేడం మిషన్ ఆ లావు కేబుల్నే చూడగలుగుతది. నీ కేబుల్ మంచిగుంది. సన్న వైర్లే దెబ్బతిన్నయి. దెబ్బతిన్న వైరు ఊకుంటదా? నిప్పు లేకున్నా నిప్పని మొత్తుకుంటది."

"మరి మిషన్ తప్పు చెప్పినట్టా?" అన్నాడు భాయ్.

"మిషన్ అడిగిన దానికి కరెక్టుగనే చెప్పింది. మనం అడగనిది దానికేం తెలుసు?"

టెంటాయన రక్తం పరీక్షలో షుగరు అంచు మీద ఉందని తర్వాత తేలింది. మంటంతా అక్కణ్నుంచే మొదలై ఉంటుందని ఆమె అంది. కానీ ఆ రోజు అసలు తమాషా ఇంకా మిగిలే ఉంది. భాయ్‌కి నమ్మకం కుదరలేదు.

"సూదితోని గట్ల ఉత్తగ తాకిస్తె ఎవలకు తెలుస్తది డాక్టరమ్మా? నాకు సుత తెల్వది" అంటూ లుంగీ మోకాళ్ల దాకా ఎత్తి, బల్లెక్కి కాళ్లు చాపాడు. మడమల నిండా పగుళ్లు. "నాది జూడుండ్రి. నాకు షుగరు ఎన్నో ఏండ్ల సంది ఉన్నది, నన్నేం పీకలే."

కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ బొటనవేలు మీద సూది గుచ్చింది. తర్వాత పాదం మీద, అరికాలి మీద, మడమ మీద. మేమందరం చూస్తూనే ఉన్నాం.

కాసేపటికి భాయ్ కళ్లు మూసుకునే విసుక్కున్నాడు. "షురూ చెయ్యరేందమ్మా? నాకు వంట కాడికి పోయేదున్నది."

టెంటాయన నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను మిషన్ ఆన్ చేశాను. భాయ్ కాళ్ల మీద ఎంత కరెంటు పెట్టినా తెర మీద గీత లేవలేదు. ఎండాకాలం ఇబ్రహీంపట్నం రోడ్డులా చదునుగా పడి ఉంది. నిలబెట్టి కళ్లు మూసుకోమంటే అంత భారీ మనిషీ తూలాడు. టెంటాయన గబుక్కున భుజం పట్టుకోకపోతే నా మిషన్ మీదే పడేవాడు.

"నాకేం నొప్పి లేదు గదా? నొప్పి లేనోనికి రోగమెట్లయితది?" అన్నాడు భాయ్.

"మీ బావ నరాలు దెబ్బతిని మొత్తుకుంటున్నయి. నీవి మొత్తుకునుడు సుత అయిపోయింది. అదే భయం నాకు" అంది డాక్టరమ్మ. తర్వాత గట్టిగా చెప్పింది. షుగరు గోళీలు మానొద్దు. రోజూ అరికాళ్లు చూసుకోవాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఉత్త కాళ్లతో పొయ్యి దగ్గర నిలబడొద్దు. బూట్లేసుకోవాలి.

భాయ్‌కి మిగతావన్నీ ఒక ఎత్తు, బూట్లు ఒక ఎత్తు. "పొయ్యి కాడ చెప్పులా? బర్కత్ పోతది, కలిసిరాదు. మా బాపు ఏసుకోలే, ఆయన బాపు ఏసుకోలే. నేను బూట్లేసుకొని వండితె బిర్యానీ అయితదా, డ్రిల్లు అయితదా?" అనుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ వరండాలో ఎవరితోనో, "మా బావకు నిజంగనే రోగమట. నాకు ఉత్తగనే రాసిండ్రు" అనడం నాకు వినిపించింది.

పిల్లలూ, మనిషి స్వభావం ఇంతే. నొప్పి ఉన్నవాడికి రోగం లేదంటే కోపం, నొప్పి లేనివాడికి రోగం ఉందంటే కోపం. మధ్యలో నరాల పరీక్ష చేసేవాళ్ల మీద ఇద్దరికీ కోపం.

డాక్టరమ్మ రాసిన గోళీలు పడ్డాక టెంటాయన మంట పూర్తిగా పోలేదు గానీ, దుప్పటి కప్పుకునే దాకా వచ్చింది. కూలరు మళ్లీ ఆయన కాళ్ల వైపు తిరిగింది. భాయ్ కూడా కొత్త టెంటు వాడిని వెతకడం మానేశాడు. నేరుగా మాట మాత్రం అనలేదు. ఒక రోజు, "వేరేటోని కుర్చీల కాళ్లు ఊగుతున్నయి" అన్నాడట, అంతే.

ఆ ఎండాకాలంలోనే మా ల్యాబులో పనిచేసే ఆమె కూతురి పెళ్లి బొంగులూరు ఫంక్షన్ హాలులో జరిగింది. టెంటు, వంట వీళ్లిద్దరివే. భోజనాలకు ముందు పలకరిద్దామని హాలు వెనక్కి వెళ్లాను. వరసగా డేగిషాలు, మూతల మీద ఎర్రగా బొగ్గులు, బిర్యానీ దమ్ము మీద ఉంది. భాయ్ చేతిలో పెద్ద గరిటె, కాళ్లకు ఏమీ లేవు. టెంటాయన ఇంకో మూలన చల్లటి గచ్చు మీద చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం భాయ్, బూట్లు ఏవి?" అన్నాను.

"బండిల ఉన్నయి మేడం, మంచిగున్నయి" అన్నాడు, ఇంట్లో బంధువుల క్షేమం చెబుతున్నట్టు. తర్వాత ఆ రోజు మటన్ ఎంత లేతదో, బియ్యం ఎన్నేళ్లు పాతదో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ ఒక మూత కొంచెం జరిపాడు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. ఆయన బియ్యం గురించి చెబుతున్నాడు.

"అమ్మో! కాలు! కాలు! సచ్చిన్రో!"

ఆ కేక వేసింది టెంటాయన. కుర్చీలో నుంచి ఎగిరి లేచాడు.

భాయ్ తల కూడా తిప్పలేదు. "సూసిండ్రా మేడం? గోళీలు ఏసుకుంటనే ఉన్నడు, మొత్తుకుంటనే ఉన్నడు" అన్నాడు జాలిగా.

టెంటాయన పరుగెత్తుకొచ్చాడు. సాక్సు తొడిగితే ఓర్వలేని ఆ కాళ్లతో, మధ్యాహ్నం ఎండలో కాలిపోతున్న బండల మీదుగా, ఉత్త కాళ్లతో వచ్చి ఆ భారీ మనిషిని రెండు చేతులతో వెనక్కి తోశాడు. భాయ్ గరిటెతో సహా ఉల్లిగడ్డ సంచుల మీద పడ్డాడు. అప్పుడు కనిపించింది నాకు. ఆయన నిలబడిన చోట మూత మీది నుంచి జారిన బొగ్గు ఒకటి, సగం నలిగి ఇంకా ఎర్రగానే ఉంది. ఇన్ని మాటలూ ఆయన దాని మీద నిలబడే చెప్పాడు.

"నీ కాలు గాలుతున్నదిరా బావా!" అంటూ టెంటాయన ఏడుస్తున్నాడు. తన కాళ్ల మంటకో, బావ కాలికో తెలియదు.

భాయ్ తన అరికాలు తిప్పి చూసుకున్నాడు. ఎవరిదో వస్తువు పొరపాటున తన దగ్గరికి వచ్చినట్టు చూశాడు.

ఇంతలో పెళ్లి వాళ్లంతా వెనక్కి వచ్చేశారు. ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు, ఒకరు పెరుగు గిన్నె తెచ్చారు, పెళ్లికొడుకు తరఫు పెద్దాయనొకరు కాఫీ పొడి అంటూ వంటింట్లోకి దూరాడు. అందరినీ ఆపి, నల్లా కింద నీళ్లు ధారగా పడనిచ్చి, శుభ్రమైన బట్ట చుట్టి దవాఖానకు పంపేసరికి నా పట్టుచీర మోకాళ్ల దాకా తడిసింది. బండి ఎక్కిస్తుంటే భాయ్ చెప్పిన మాట ఒక్కటే. "దమ్ము ఇప్పుడే ఇప్పకుండ్రి. జర ఆగుండ్రి." బిర్యానీ అద్భుతంగా కుదిరిందని అందరూ అన్నారు. నేను మాత్రం తినలేకపోయాను.

గాయం మానడానికి చాలా రోజులు పట్టింది. ప్రతి డ్రెస్సింగుకూ టెంటాయనే బండి మీద తీసుకొచ్చేవాడు. నర్సు కాలిన చోట శుభ్రం చేస్తుంటే చూసే వాళ్లకు ఒళ్లు జలదరించేది. భాయ్ మాత్రం ఫ్యాను వైపు చూస్తూ కూర్చునేవాడు. టెంటాయన పక్కన నిలబడి, ఆయన బదులు ఈయన పళ్లు కొరికేవాడు.

ఒక రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. భాయ్ ఉన్నట్టుండి మెల్లగా అన్నాడు.

"బావా, నీ మంట జర నాకియ్యరాదురా?"

"మొత్తం తీస్కపోరాదు. ఎవలొద్దన్నరు?" అన్నాడు టెంటాయన.

అప్పుడే నర్సు, పాదం నుంచి పిక్క పై దాకా అతికించిన పాత ప్లాస్టరును పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పిక్క మీది వెంట్రుకలతో సహా వచ్చింది.

"యా అల్లా! అమ్మా! సంపినవ్ గదనే బిడ్డా!" దవాఖాన దద్దరిల్లేలా అరిచాడు భాయ్.

నర్సు బిత్తరపోయింది. నేను ఉలిక్కిపడ్డాను. టెంటాయన మాత్రం రెండు చేతులూ పైకెత్తి, కళ్లల్లో నీళ్లతో నవ్వుతూ, "నొప్పి లేసిందిరా బావా! మేడం, ఇన్నరా? మోకాలి కింద దాక ఉన్నది! ఇంకా ఉన్నది!" అని గంతులేశాడు. భాయ్ పిక్క రుద్దుకుంటూ, ఏడవాలో నవ్వాలో తెలియక, చివరికి నవ్వాడు. "ఇంకోపారి గుంజు బిడ్డా, జర ఈ పక్క సుత చూస్త" అని రెండో కాలు ముందుకు చాపాడు.

ఆ గోలకు పక్కన కాన్పుల వార్డు ముందు కూర్చున్న ముసలమ్మ ఒకావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి తలుపులోంచి తొంగిచూసింది.

"ఏమైంది బిడ్డా, కొడుకు పుట్టిండా?" అంది.

"కాదవ్వా, నొప్పి పుట్టింది" అన్నాడు టెంటాయన.